వంటయింటి పొగగొట్టం: ఎన్నిక, అమరిక

“నిప్పు లేనిదే పొగ రాదు” అన్నది సామెత. లోకంలో పుట్టే పుకార్లను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు ఈ సామెతను మనం తరచుగా వాడుతాము. కాని అది పుట్టినది వంటయింటిలోనే అన్న సంగతిని మరచిపోతాము. కట్టెలతో వంట జరిగే ఇంట నిప్పు తప్పదు, నిప్పుతో పొగ తప్పదు. ఐతే ఆ పొగ వంట చేసే ఇల్లాలి కన్నులలోనికి పోవాలా, ఇంటి కప్పు దాటి ఆకాశంలోనికి పోవాలా అన్నది మాత్రం మన ఎన్నికపై ఆధారపడి ఉన్నది. ఆ ఎన్నికకు సాధనం పొగగొట్టం. చూడడానికి అల్పమైన వస్తువే. కాని దానిని ఏ లోహంతో, ఎంత వెడల్పుతో, ఎంత ఎత్తున, ఏ విధంగా నిలబెట్టాలి అన్న విషయంలో తెలిసి చేసిన పనికీ, తెలియక చేసిన పనికీ చాలా అంతరం ఉన్నది. దానిని సులభమైన మాటలలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన కళాశాలకు వచ్చే విద్యార్థినీ విద్యార్థులలో అనేకులు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పల్లెల నుండి వచ్చేవారు. 2016 అక్టోబరు 11న వేరు వేరు జిల్లాలుగా ఏర్పడకముందు ఇవన్నీ వరంగల్ జిల్లాలోనివే. ఐనా వంటచెరకు విషయంలో ఒక్కొక్క ప్రాంతానిది ఒక్కొక్క తీరు. జనగామ మెట్టభూములలో పత్తికట్టె, కందికంప, సర్కారుతుమ్మ ప్రధానం. మహబూబాబాద్ వైపు మిరపకట్టె, గూడూరు, కొత్తగూడ అడవుల ఎండుపుల్లలు. భూపాలపల్లిలో అడవికట్టెతోపాటు సింగరేణి గనుల ఊరు కావడం వలన బొగ్గు కూడా పొయ్యిలోనికి వస్తుంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016 మే 1న దేశమంతటా ఉజ్వల యోజన మొదలైన తరువాత గ్యాసుపొయ్యి లేని ఇల్లు అరుదైపోయిన మాట నిజమే. ఐనప్పటికీ స్నానాల నీళ్ళకు, పశువుల దాణాకు, పెద్ద వంటలకు, సిలిండరు అయిపోయిన దినాలలో అన్నం కూరలకు కట్టెలపొయ్యి రాజుకొంటూనే ఉన్నది. సహరి వేళ వంటకైనా, సద్దుల బతుకమ్మనాటి వంటకైనా పెరటిపొయ్యి వైపు చూచే ఇళ్ళు ఇంకా ఉన్నవి. కావున పొగగొట్టం ప్రస్తావన కాలం చెల్లినది కాదు.

పొగ చేసే హాని

కట్టె పూర్తిగా కాలితే మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, కొంత బూడిద మాత్రమే. పొయ్యిలో అట్లా జరగదు. గాలి చాలకనో, కట్టె తడిగా ఉండడం వలననో సగం కాలిన పదార్థం పొగగా లేస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి హానికర ద్రవ్యాలు ఉంటవి. అన్నిటికంటె ముఖ్యంగా కంటికి కానరాని సూక్ష్మమైన మసిరేణువులు ఉంటవి. రెండున్నర మైక్రాన్లకంటె చిన్నవైన రేణువులు ముక్కులోను, గొంతులోను ఆగక ఊపిరితిత్తుల అడుగువరకు చేరుతవి. కన్ను మండడం, దగ్గు రావడం వెంటనే తెలిసే హాని. దీర్ఘకాలపు శ్వాసవ్యాధి, గుండెజబ్బు, కంటిలో శుక్లాలు, పసిపిల్లలకు న్యుమోనియా తరువాత తెలిసే హాని. 1983లో కిర్క్ స్మిత్, ఆయన సహచరులు గుజరాత్ గ్రామాలలో వంట చేసే స్త్రీలు పీల్చే గాలినే కొలిచి చూపిన నాటినుండి ప్రపంచం ఈ విషయంపై దృష్టి సారించింది. ఇంటిలోని పొగవలన 2020 సంవత్సరంలో ప్రపంచమంతట సుమారు 32 లక్షలమంది అకాలమరణం పాలైనారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ భారం అధికంగా పడేది వంట చేసే స్త్రీలపైన, వారి ప్రక్కనే కూర్చుండే పిల్లలపైన.

మన ప్రాంతపు పూర్వ ప్రయత్నం

పొగగొట్టం గల పొయ్యి మనకు పరదేశపు వింత కాదు. దాని చరిత్రలో మన హైదరాబాదుకు గౌరవప్రదమైన స్థానం ఉన్నది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చి లేబొరేటరీలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు బీదవారికి అందుబాటులో ఉండే పొగలేని మట్టిపొయ్యిని రూపొందించినారు. ఒకే మంటమీద ఒకటికంటె ఎక్కువ గిన్నెలు పెట్టే వీలు, చివర పొగగొట్టం దాని లక్షణాలు. ఆ విధానాన్ని వివరిస్తూ ఆయన వ్రాసిన “స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్” అనే ఇంగ్లీషు పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. అంతకు కొంచెం ముందు వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చూల్హా రూపొందింది.

ఆ తరువాత 1983లో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించి, 2002లో నిలిపివేసేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలను పంచింది. కాని వాటిలో చాలా భాగం కొద్ది ఏండ్లకే మూలబడినవి. గొట్టాలు మసితో పూడిపోవడం, పగిలిన గొట్టం మార్చుకొనే దారి లేకపోవడం, గొట్టం కప్పు దాటకుండానే ఆగిపోవడం వంటివి అందుకు కారణాలు. ఒడిశా గ్రామాలలో హన్నా, డఫ్లో, గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు కొన్నేండ్లపాటు చేసిన పరిశీలనలోను ఇదే తేలింది. మొదటి సంవత్సరం పొగ తగ్గింది. తరువాత పొయ్యిలను బాగుచేసుకొనక, సరిగా వాడక ఆ మేలు నశించింది. కావున గొట్టం కొనడంతో పని ముగియదు. సరియైనదానిని ఎన్నుకోవాలి, సరిగా నిలపాలి, ఏడాది పొడుగునా కాపాడుకోవాలి.

గొట్టం ఎట్లా పనిచేస్తుంది?

ఉర్దూలో పొగగొట్టాన్ని “దూద్‌కష్” అంటారు. ఇక్కడ “దూద్” అంటే పాలు కాదు. ఫారసీలో దూద్ అంటే పొగ, కష్ అంటే లాగేది. పొగను లాగేది కనుక దూద్‌కష్. తెలుగువారు దానిని పొగ పోయే దారిగా భావించి పొగగొట్టం అన్నారు. ఫారసీవారు అది చేసే పనిని బట్టి పేరు పెట్టినారు. శాస్త్రదృష్టితో చూస్తే ఈ రెండవ పేరు చాలా సార్థకమైనది. గొట్టం పొగను లాగుతుంది. పొగతోపాటు పొయ్యినోటి గుండా క్రొత్తగాలిని కూడా లాగుతుంది.

ఈ లాగుడుకు బలం ఎక్కడిది? వేడిగాలి చల్లగాలికంటె తేలిక. 30 డిగ్రీల వేడిగల ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1,165 గ్రాములు తూగుతుంది. 150 డిగ్రీలకు వేడెక్కిన గాలి సుమారు 835 గ్రాములే తూగుతుంది. భేదం 330 గ్రాములు. గొట్టం ఎత్తు మూడు మీటర్లైతే ఆ భేదం మూడింతలై, ప్రతి చదరపు మీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి అవుతుంది. దీనినే మరొక విధంగా చెప్పాలంటే, ఒక మిల్లీమీటరు లోతు నీరు కలిగించే ఒత్తిడి. పొగగొట్టానికి ఉన్న బలమంతా ఇంతే! ఈ స్వల్పబలాన్ని వృథా చేయకుండా ఉండడానికే క్రింద చెప్పబోయే నియమాలన్నీ ఏర్పడినవి. వంపు ఎక్కువైనా, మసి పేరుకొన్నా, గొట్టం చల్లబడినా, అతుకుల గుండా వెలిగాలి చొరబడినా ఆ మిల్లీమీటరు బలం తగ్గిపోయి పొగ వెనుదిరిగి ఇంటిలోనికే వస్తుంది.

మన వంటయిండ్లలో తరతరాలుగా ఊదుగొట్టం ఉన్నది. అది చేసే పని కూడా మంటకు గాలి అందించడమే. ఐతే ఆ గాలి ఇల్లాలి ఊపిరితిత్తుల నుండి రావాలి, ఊదిన ప్రతిసారీ ఆమె పొగకు ఎదురుగా వంగాలి. చక్కగా అమర్చిన పొగగొట్టం ఆ శ్రమను తానే తీసుకొంటుంది. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రంలో పొగను లాగడానికి పెద్ద పెద్ద పంకాలు ఉంటవి. మన వంటయింటిలో గొట్టం ఎత్తే పంకా.

వెడల్పు, ఎత్తు, వంపులు

ఒకటి లేదా రెండు గిన్నెల ఇంటిపొయ్యికి నాలుగు అంగుళాల, అనగా పది సెంటీమీటర్ల వ్యాసంగల గొట్టం తగినది. మూడు అంగుళాలది చౌక అని కొనేవారు ఒక లెక్క గమనించాలి. గొట్టం నోటి వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మూడుకు వర్గం తొమ్మిది, నాలుగుకు పదహారు. అంటే ఒక్క అంగుళం హెచ్చితే దారి ఇంచుమించు రెండింతలకు చేరువ అవుతుంది. లోపల చుట్టూ అర అంగుళం మసి పట్టినదనుకొందాం. మూడంగుళాల గొట్టంలో దారి సగంకంటె తగ్గిపోతుంది. నాలుగంగుళాల దానిలో సగానికి మించి మిగులుతుంది. పొయ్యికి విడిచిన పొగరంధ్రంకంటె గొట్టం ఇరుకుగా ఎన్నడూ ఉండరాదు. అట్లని మరీ వెడల్పుగా పెట్టినా పొగ నెమ్మదించి చల్లబడుతుంది, లేదా మంట వేడిమి గిన్నెకు తగలక పైకి పోయి కట్టె దండుగ అవుతుంది.

ఎత్తు హెచ్చితే లాగుడు హెచ్చుతుంది. గొట్టం కప్పును దాటినచోటికి కనీసం మూడు అడుగుల పైకి లేవాలి. పది అడుగుల దూరంలోపల నడికొప్పుగాని, ప్రక్కింటి గోడగాని ఉంటే దానికంటె రెండడుగుల ఎత్తు ఉండాలి. లేనిచో గాలి ఆ అడ్డును తాకి క్రిందికి తిరిగి పొగను గొట్టంలోనికే నెట్టుతుంది. ఈదురుగాలి వీచిన దినాన మాత్రమే ఇంటిలో పొగ నిండుతున్నదని చెప్పేవారి ఇండ్లలో లోపం తరచుగా ఇక్కడే ఉంటుంది.

గొట్టం నిట్టనిలువుగా ఉండడం ఉత్తమం. వంపు తప్పనిసరి ఐతే లంబకోణపు మోచేయి పెట్టక, నలభైయైదు డిగ్రీల ఏటవాలు మలుపులు పెట్టాలి. రెండు మలుపులకు మించరాదు. గోడవైపు అడ్డంగా పోయే భాగం చాల పొట్టిగా ఉండి, అడుగుకు పావు అంగుళం చొప్పున పైకి వాలి ఉండాలి.

ఏ పదార్థం మేలు?

మట్టిగొట్టం: కుమ్మరి చేసి కాల్చిన గొట్టాలు ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు పేర్చి మట్టితో మెత్తితే మంచి గొట్టమే అవుతుంది. వేడిని నిలుపుకొంటుంది, తుప్పు పట్టదు, చేయి తగిలినా వెంటనే కాలదు. పెళుసుదనం, వానకు అతుకులు కరగడం దాని లోపాలు. ఇంటిలోపలి భాగానికి ఇది శ్రేష్ఠం.

ఇనుపరేకు: పొయ్యిని ఆనుకొని ఉండే మొదటి మూడు నాలుగు అడుగులకు పూతలేని నల్ల ఇనుపరేకు తగినది. రేకు మందాన్ని గేజి అంకెతో చెబుతారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. గేజి అంకె పెరిగినకొద్దీ రేకు పలుచనవుతుంది. 24 గేజి రేకు సుమారు 0.6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 28 గేజి అంతకంటె బాగా పలుచన. 24కు తక్కువ మందం గలది కొనరాదు.

జింకుపూత రేకు: దుకాణాలలో సులభంగా దొరికేది ఇదే. తుప్పును తట్టుకొంటుంది కనుక కప్పుపైన వానకు తడిసే భాగానికి యోగ్యం. కాని జింకు సుమారు 420 డిగ్రీల వద్ద కరుగుతుంది. అంతకు చాలా ముందే, 200 డిగ్రీలు దాటిన వేడి నిత్యం తగిలితే పూత చెడిపోతుంది. మరీ కాలితే తెల్లని పొగ వెలువడి, పీల్చినవారికి చలిజ్వరం వంటి బాధ కలిగిస్తుంది. కావున మంటకు దగ్గర దీనిని వాడరాదు.

స్టెయిన్‌లెస్ స్టీలు: ధర ఎక్కువ, మన్నిక అంతకంటె ఎక్కువ. భూపాలపల్లివైపు బొగ్గు కాల్చేవారికి ఇది ఆలోచించదగినది. బొగ్గులోని గంధకం వాయువుగా మారి, తేమతో కలిసి ఆమ్లమై మామూలు రేకును త్వరగా తినివేస్తుంది. 

ఆస్‌బెస్టాస్ సిమెంటుగొట్టం: ఒకప్పుడు మెరుగైన పొయ్యిలకు విరివిగా వాడినారు. దాని నార ఊపిరితిత్తులకు కాన్సరు కలిగించేదని నిశ్చయంగా తేలినది. ఉన్నదానిని కోయడం, రంధ్రాలు వేయడం, పగులగొట్టడం చేయరాదు. క్రొత్తగా కొనవలసిన అగత్యం అసలే లేదు.

ప్లాస్టిక్ గొట్టం: మిగిలిపోయిన బోరు గొట్టమో, నీటి గొట్టమో ఉన్నది కదా అని పెట్టేవారు ఉన్నారు. 80 డిగ్రీల వేడికే అది మెత్తబడుతుంది. కాలితే విషవాయువులు పుడుతవి. దీనిని ఏ భాగంలోను, ఏ కారణంచేతను వాడరాదు.

అతుకుల సంగతి

రేకును గొట్టంగా చుట్టించేవారు ఒక చిన్న లెక్క తెలిసికొంటే దుకాణంలో మోసపోరు. నాలుగంగుళాల గొట్టానికి చుట్టుకొలత సుమారు పన్నెండున్నర అంగుళాలు. మడతకు ఒక అంగుళం కలిపితే పదమూడున్నర. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల రేకునుండి ఇటువంటి పట్టీలు మూడు వస్తవి. అనగా ఒక్క రేకుతో ఇరువదినాలుగు అడుగుల గొట్టం తయారవుతుంది. రెండిళ్ళకు సరిపోవచ్చు. జనగామ ప్రక్కనే పెంబర్తిలో ఇత్తడిరేకును మలచి కళాఖండాలు చేసే హస్తాలు ఉన్నవి. మన ప్రాంతంలో రేకుపని తెలిసినవారికి కొరత లేదు. వారికి మనం చెప్పవలసినది ఏమంటే, నిలువు అతుకును మడిచి బిగించాలి గాని టంకం పోయరాదు. మామూలు టంకం రెండువందల డిగ్రీల చుట్టుప్రక్కలనే కరిగి అతుకు విడిపోతుంది.

ఒక గొట్టాన్ని మరొకదానిలో దూర్చేటప్పుడు పైగొట్టం కొన క్రిందిగొట్టం లోపలికి దిగాలి. చూడడానికి ఇది తలక్రిందులుగా తోచవచ్చు. కాని పొగ చల్లబడి లోపల జారే నల్లని జిడ్డునీరు అప్పుడే గొట్టంలోపలనే క్రిందికి దిగి పొయ్యిలో కాలిపోతుంది. వ్యతిరేకంగా పెడితే ప్రతి అతుకు దగ్గర గోడమీదికి కారుతుంది. పొగ పైకే పోతుంది కనుక ఈ అమరికవలన బయటికి రాదు. ప్రతి అతుకుకు మూడు మరలు బిగించాలి.

ఇంటికప్పును బట్టి జాగ్రత్త

ఒంటిరేకు గొట్టానికి, కాలే స్వభావంగల ఏ వస్తువుకైనా మధ్య అడుగున్నర దూరం ఉండాలి. వాసాలు, దూలాలు, తలుపుచెక్క, దండెంమీది బట్టలు అన్నీ ఇందులో చేరుతవి. గూనపెంకుల ఇంటిలో రెండు వాసాల నడుమ అంత ఎడం లేకుంటే, గొట్టాన్ని గోడగుండా బయటికి తీసి చూరుకు దూరంగా పైకి లేపడం మేలు. స్లాబు ఇంటిలో గొట్టంకంటె పెద్దదైన మరొక గొట్టాన్ని రంధ్రంలో ఒరలాగా అమర్చి, దాని గుండా పొగగొట్టాన్ని పోనివ్వాలి. తాటాకు, గడ్డి కప్పిన గుడిసెలలో గొట్టాన్ని కప్పుగుండా పోనివ్వడం ఎంతమాత్రం తగదు. మట్టిగోడగుండా బయటికి తీసి, కప్పుకు ఎడంగా, కప్పుకంటె ఎత్తుగా నిలపాలి. పత్తికట్టె, మిరపకట్టె భగ్గున మండి నిప్పురవ్వలను ఎగజిమ్ముతవి కనుక గూడేలలో, తండాలలో ఈ విషయం మరీ ముఖ్యం.

గొట్టం తలపై వాన పడకుండా రేకుటోపీ ఉండాలి. అది గొట్టంనోటిని మూయకుండా కనీసం నాలుగంగుళాల ఎత్తున నిలవాలి.

కాపాడుకొనే పద్ధతి

తడికట్టె కాల్చి, మంటను అణచిపెట్టి ఉంచితే గొట్టంలో నల్లని జిడ్డుమసి పేరుకొంటుంది. దానినే క్రియోసోట్ అంటారు. అది దారిని మూయడమేగాక ఒక్కొక్కప్పుడు తానే అంటుకొంటుంది. అప్పుడు గొట్టంలో వేడి వెయ్యి డిగ్రీలు దాటవచ్చు. కట్టెను ఎండబెట్టి వాడడం దీనికి మొదటి మందు. నెలకొకసారి, మంట లేనప్పుడు, త్రాడుకు గోనెముక్కగాని కొబ్బరిపీచుగాని ముద్దగా కట్టి గొట్టంలో పైకి క్రిందికి లాగడం రెండవ మందు. అందుకు వీలుగా గొట్టం అడుగున మూతగల ఒక రంధ్రాన్ని ముందే పెట్టించుకోవాలి. వేలితో తట్టినప్పుడు ఖంగుమనక బొదబొదమన్న రేకు లోపల తుప్పుపట్టినదని గ్రహించి మార్చాలి.

గొట్టంలో లాగుడు ఉన్నదో లేదో తెలిసికొనడానికి సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. పొయ్యినోటి దగ్గర వెలిగించిన ఊదుబత్తి పట్టుకొంటే దాని పొగ పొయ్యిలోనికి పోవాలి. బయటికి వస్తే ఎక్కడో అడ్డు ఉన్నట్లు. వానకాలపు ఉదయాలలో చల్లబడిన గొట్టం మొదట లాగదు. అప్పుడు రెండు ఎండుపుల్లలో, కాగితమో గొట్టం మొదట్లో వెలిగించి దానిని వేడిచేసిన తరువాత పొయ్యి రాజేయాలి. కిటికీలన్నీ మూసివేస్తే గొట్టం లాగడానికి గాలి ఉండదు. కావున గొట్టం ఉన్నంతమాత్రాన కిటికీ మూయరాదు. గొట్టానికి అడ్డుపలక పెట్టినవారు దానిని పూర్తిగా మూయరాదు. ముఖ్యంగా కణకణలాడే బొగ్గులు పొగ లేకుండానే కార్బన్ మోనాక్సైడ్‌ను వెలువరిస్తవి. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు.

పొగగొట్టం పొగను నశింపజేయదు, దానిని ఇంటినుండి తరలిస్తుంది. కావున గ్యాసుపొయ్యితో వంట సాధ్యమైనచోట అదే మేలు. కట్టె తప్పని పనులకు మాత్రమే ఈ వ్యాసంలో చెప్పిన విషయాలు వర్తిస్తవి. ఇంటికి రంగులు వేయించడానికి, ముందుగదిలో దూరదర్శన్ పెట్టెకు వెచ్చించేవారు వంటయింటిలో ఒక రేకుగొట్టానికి వెనుకాడడం చూస్తున్నాము. వంటయిల్లు అతిథుల కంటబడదు కనుక అట్లా జరుగుతున్నదేమో! ఈ సెలవులలో ఇంటికి వెళ్ళిన విద్యార్థులు ఒక పని చేయగలరు. ఒక ఊదుబత్తి తీసికొని పొయ్యి దగ్గర కూర్చుండండి. కొలబద్దతో గొట్టం వ్యాసం కొలవండి. పెరటిలో నిలబడి అది కప్పును ఎన్ని అడుగులు దాటినదో చూడండి. లోపం కనిపిస్తే అమ్మకు చెప్పి ఊరుకొనక, రేకుపనివానిని పిలుచుకొని రండి. తరగతిలో చదివిన భౌతికశాస్త్రం తల్లి కంటినీరు తుడవడానికి ఉపకరించిందంటే అంతకు మించిన విద్యాఫలం వేరొకటి ఉండదు.